గిన్నె స్టీలుతో సైకిలు: చెన్నై గాలికి స్టెయిన్‌లెస్ ట్యూబులు ఎంచుకునే పద్ధతి

మన ఇళ్లల్లో స్టీలంటే గిన్నె. స్టీలు బిందె, స్టీలు గ్లాసు, స్టీలు క్యారేజీ. మద్రాసులో దానికే ఎవర్‌సిల్వర్ అని పేరు. సైకిలు వాళ్ల దగ్గరికి వెళితే అదే మాటకి అర్థం మారిపోతుంది. అక్కడ స్టీల్ ఫ్రేమ్ అంటే క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కొద్దిగా కలిపిన ఉక్కు), రంగు లేచిన చోటల్లా తుప్పు పట్టేది. "స్టీలు ఫ్రేమ్ కట్టిద్దామనుకుంటున్నా మావయ్యా" అని నేనంటే, పెరంబూరు ఐసీఎఫ్ రైలుపెట్టెల కర్మాగారంలో వెల్డరుగా చేసి రిటైరైన మా మావయ్య అడిగిన మొదటి మాట: "గిన్నె స్టీలా, గేటు స్టీలా?"

అప్పటికి నా దగ్గరున్నది గేటు స్టీలే. 4130 రకం క్రోమోలీ ఫ్రేము. నాలుగు వానాకాలాలు చూసింది, ఆదివారాలు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా వెళ్లొచ్చేది. బయట రంగు చెక్కుచెదరలేదు. ఒకరోజు బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) విప్పితే లోపల్నించి దోసిలిలోకి తుప్పు రాలింది. లోపల తుప్పునివారిణి పోయించుకోకపోవడం నా తప్పే. రెండో ఫ్రేము స్టెయిన్‌లెస్‌తో కట్టించుకున్నాను. ట్యూబులు ఎంచుకోవడంలో నేను తడబడిన చోట్లన్నీ కలిపి, పని ఏ వరసలో చేస్తే డబ్బు మిగులుతుందో ఆ వరసలో రాస్తున్నాను.

మెట్టు 1: ఎందుకు కావాలో తేల్చుకోండి

తేలికగా ఉంటుందని స్టెయిన్‌లెస్ కొనకండి. ఉక్కు ఏ రకమైనా సాంద్రత ఘన సెంటీమీటరుకి దాదాపు 7.8 గ్రాములే. బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, కూడా అంతే. మామూలు ఉక్కుకి యంగ్స్ మాడ్యులస్ (బిగువు కొలత) సుమారు 200–210 గిగాపాస్కల్స్, స్టెయిన్‌లెస్‌కి 190–200. అంటే ఒకే కొలతల ట్యూబు క్రోమోలీదైనా, దానికి నాలుగింతల ఖరీదు పెట్టిన స్టెయిన్‌లెస్‌దైనా పెడల్ తొక్కినప్పుడు దాదాపు ఒకేలా వంగుతుంది. బలం ఎక్కువున్న లోహం ఇచ్చే సౌకర్యం ఒక్కటే: గోడ పల్చన చేసుకోవచ్చు.

ఆ పల్చదనం ఎంత మిగులుస్తుందో లెక్క చూడండి. 31.8 మి.మీ. వ్యాసం, 600 మి.మీ. పొడవున్న డౌన్ ట్యూబు (హ్యాండిల్ కింద నుంచి పెడళ్ల దగ్గరికి దిగేది) 0.5 మి.మీ. గోడతో సుమారు 230 గ్రాములు, 0.4 గోడతో 185. తేడా 45 గ్రాములు. మన పెద్ద ఇడ్లీ ఒక్కటి అంతకంటే బరువు. ఫ్రేము మొత్తం మీద ఇలాంటివి కలిస్తే నీళ్ల సీసాలో పావు వంతు మిగులుతుందేమో.

కాబట్టి చెన్నైలో స్టెయిన్‌లెస్‌కి నాకు కనిపించే కారణం ఉప్పుగాలి. బీసెంట్ నగర్లోనో తిరువాన్మియూర్లోనో బాల్కనీలో సైకిలు పెట్టుకునేవాళ్లకి నేను వివరించక్కర్లేదు. దానికి తోడు టాప్ ట్యూబు (పై కమ్మీ) మీద కారే చెమట, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మోకాలి లోతు నీళ్లు. మీరు హోసూరు వైపు పొడి గాలిలో తొక్కేవాళ్లయితే మంచి క్రోమోలీ కొని, లోపల తుప్పునివారిణి పోయించి, మిగిలిన డబ్బు చక్రాల మీద పెట్టమంటాను.

మెట్టు 2: కాగితం మీద నాలుగు అంకెలు

మీ బరువు, మోసే సామాను బరువు, టైరు వెడల్పు, బ్రేకు రకం. ఈ నాలుగూ లేకుండా ట్యూబుల గురించి మాట్లాడటం కొలతలివ్వకుండా జాకెట్టు కుట్టించుకోవడమే. నావి: 78 కిలోలు, బ్రెవేలకి (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సవారీలకి) 5 కిలోల సంచులు, మడ్‌గార్డుతో 32 మి.మీ. టైరు, డిస్క్ బ్రేకు. 200 కిలోమీటర్ల బ్రెవేకి పదమూడున్నర గంటల గడువు ఉంటుంది, అంతసేపు కూర్చోవాలి గనక జామెట్రీలో (ట్యూబుల పొడవులు, కోణాల్లో) సౌకర్యం చూసుకున్నాను. పోటీ సైకిలైతే అంకెలు వేరు.

మెట్టు 3: ట్యూబు కంటే ముందు చేతిని వెతకండి

ఇక్కడ చాలామంది బోర్లా పడతారు. ముందు మెరిసే ట్యూబుల సెట్టు తెప్పించి, తర్వాత దాన్ని అతికేవాడి కోసం ఊరంతా తిరుగుతారు. ఏ ట్యూబు కొనాలనేది అతికే పద్ధతి చెబుతుంది, అతికే పద్ధతి మీకు దొరికిన మనిషి చేతిని బట్టి ఉంటుంది.

మన వర్క్‌షాపుల్లో టిగ్ వెల్డింగుని ఆర్గాన్ వెల్డింగు అంటారు. స్టెయిన్‌లెస్ విషయంలో ఆర్గాన్ బయట ఒక్కటే చాలదు, ట్యూబు లోపల కూడా పారుతుండాలి. దీన్నే పర్జింగ్ అంటారు. లోపల గాలి ఉంటే అతుకు వెనక వైపు లోహం కాలిపోయి పంచదార పాకం గడ్డకట్టినట్టు నల్లగా, గరుకుగా తయారవుతుంది. చీలిక అక్కడే పుడుతుంది, తుప్పూ అక్కడే పుడుతుంది. బయట అతుకు మాత్రం ముత్యాల వరసలా ఉంటుంది. మావయ్య మాటల్లో, "పైన చూసి మురిసిపోకురా అబ్బాయ్, కోసి వెనక చూడు." కాబట్టి వెల్డరుని అడగాల్సింది ఒకటే: అదే మందం ఉన్న ముక్కలు రెండు అతికి, నా ముందు నిలువునా కోసి చూపిస్తారా? వెండిలా మెరిసినా, లేత గడ్డి రంగులో ఉన్నా పర్వాలేదు. నీలం, బూడిద, నలుపు అయితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇలాంటి చేతుల్ని గేట్లు, గ్రిల్సు చేసేవాళ్లలో వెతక్కండి. పాల డెయిరీలకి, మందుల కంపెనీలకి పైపులు వేసే వెల్డర్లకి పర్జింగ్ రోజువారీ పని. అంబత్తూరు వైపు అడగడం మొదలుపెట్టండి. అయితే వాళ్లకి అలవాటైన గోడ మందం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. మీ ట్యూబు చివర 0.7. అందుకే ఆ పరీక్ష ముక్క.

రెండో దారి సిల్వర్ బ్రేజింగ్, లగ్గులతో (ట్యూబుల చివర్లు దూర్చే తొడుగులతో). దాదాపు 650 డిగ్రీల దగ్గర కరిగే, సగానికి పైగా వెండి ఉన్న కడ్డీ వాడతారు. వేడి తక్కువ గనక ట్యూబు వంకర తక్కువ. స్టెయిన్‌లెస్ కోసం చేసిన నల్ల ఫ్లక్సే (అతుకు చోటుని శుభ్రంగా ఉంచే పేస్టు) వాడాలి, మామూలు తెల్లది త్వరగా అలిసిపోతుంది. అడుగున ఎప్పుడూ తడిగా ఉండే అతుకులకి నికెల్ కలిసిన వెండి కడ్డీ మేలు, లేకపోతే కాలక్రమంలో ఆ అతుకు అంచు వెంటే తుప్పు పాకే ప్రమాదం ఉంది. ఇత్తడితో, లగ్గుల్లేకుండా చేసే ఫిల్లెట్ బ్రేజింగ్ క్రోమోలీకి అందంగా ఉంటుంది కానీ, కరిగిన ఇత్తడి ఒత్తిడిలో ఉన్న స్టెయిన్‌లెస్ రేణువుల మధ్యకి దూరి పగుళ్లు తెచ్చే గుణం ఉంది. ట్యూబు తయారీదారు రాతపూర్వకంగా సరేనంటే తప్ప ఆ జోలికి వెళ్లకండి.

మెట్టు 4: గ్రేడు

ముందు చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు పైపుల కొట్లలో దొరికే 304 రకం స్టెయిన్‌లెస్ సంగతి. నేనూ వెళ్లాను. మెట్ల రెయిలింగుకి వాడే పైపు, 31.8 వ్యాసం, 1.2 గోడ. 600 మి.మీ. ముక్క దాదాపు 550 గ్రాములు తూగుతుంది. ఇందాకటి డౌన్ ట్యూబుకి రెండింతల కంటే ఎక్కువ. పోనీ బలంగా ఉంటుందా అంటే, మెత్తబరిచిన 304 శాశ్వతంగా వంగిపోవడం మొదలుపెట్టేది దాదాపు 210 మెగాపాస్కల్స్ (లోహం బలానికి కొలమానం) దగ్గర. నార్మలైజ్ చేసిన 4130 దాదాపు 435 దాకా ఆగుతుంది. పైగా ఆ పైపుకి పొడుగునా అతుకు ఉంటుంది. క్యారియర్, మడ్‌గార్డు కమ్మీ, సీసా పట్టీలకి 304 బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఫ్రేముకి వద్దు.

అదే కొట్టులో 304 అని చెప్పి 202 అంటగట్టబోయారు. అయస్కాంతం పెట్టి చూపించారు కూడా, అంటుకోలేదు. 202 కూడా అంటుకోదు మరి! ఈ రెంటినీ విడదీయాలంటే రసాయన చుక్కల పరీక్షో, స్పెక్ట్రో పరీక్షో చేయించాలి. ఇంకో తమాషా ఏమిటంటే, సైకిళ్ల కోసం చేసే అత్యంత ఖరీదైన స్టెయిన్‌లెస్ ట్యూబులకి అయస్కాంతం టక్కున అతుక్కుంటుంది. అవి మార్టెన్‌సిటిక్ జాతి, అంటే వేడి చేసి గట్టిపరిచే, అయస్కాంతం అంటే రకం. వంటింటి పరీక్ష ఇక్కడ తలకిందులు.

సైకిలు కోసమే చేసిన వాటిలో ముఖ్యంగా తెలుసుకోవాల్సినవి ఇవి.

రేనాల్డ్స్ 921: విమానాల హైడ్రాలిక్ గొట్టాలకి వాడే 21-6-9 లోహం. క్రోమియం 21, నికెల్ 6, మాంగనీసు 9 శాతం. చల్లగా లాగి గట్టిపరచడం వల్ల బలం 1000 మెగాపాస్కల్స్ ప్రాంతంలో ఉంటుంది. అయస్కాంతం అంటదు, తుప్పుకి గట్టి సమాధానం. దీని లోపం: చల్లగా లాగి తెచ్చిన బలం వెల్డింగు వేడికి అతుకు పక్కన కొంత పోతుంది. అందుకే చివర్లు మందంగా ఉండటం తప్పనిసరి.

రేనాల్డ్స్ 953: మారేజింగ్ జాతి, అంటే వేడిలో కొంతసేపు ఉంచి ఇంకా గట్టిపరిచే మార్టెన్‌సిటిక్. బలం 1750 నుంచి 2050 మెగాపాస్కల్స్. వినగానే కళ్లు తిరుగుతాయి. కానీ ఇంత బలం తెచ్చే మిశ్రమంలో క్రోమియం 11–12 శాతం దగ్గరే ఉంటుంది. స్టెయిన్‌లెస్ అనిపించుకోవడానికి కావాల్సిన కనీసం 10.5 శాతం. అంటే గడప దాటి లోపలికి అడుగు పెట్టిందంతే. మన సముద్రపు గాలికి దీన్ని కడిగి తుడిచి చూసుకోవాలి. కోయడం ఇంకో గండం. గొట్టం చివర గుండ్రంగా కోసే మామూలు హోల్‌సా పళ్లు రెండో కోతకే మొద్దుబారతాయి, కార్బైడ్ పనిముట్లు కావాలి.

కొలంబస్ ఎక్స్‌సీఆర్: 1919లో మిలాన్‌లో మొదలైన సంస్థది. ఇదీ మార్టెన్‌సిటికే, పొడుగునా అతుకు లేని ట్యూబు, బలం 1250 మెగాపాస్కల్స్ పైన. పనిచేసినవాళ్ల మాట ప్రకారం 953 కంటే చేతికి లొంగుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బలం అంకె చూసి గ్రేడు ఎంచుకోవద్దు. 1000 మెగాపాస్కల్స్ దాటాక సైకిలుకి మిగతాదంతా గొప్పకే. చెన్నైలో ఉండి, మొదటి స్టెయిన్‌లెస్ ఫ్రేము కట్టిస్తున్నవాళ్లకి 921 లేదా ఎక్స్‌సీఆర్. 953 అనేది, దాన్ని ఇప్పటికే కనీసం నాలుగైదు ఫ్రేముల్లో అతికిన చెయ్యి దొరికితేనే.

ఇక్కడొక చుట్టరికం చెప్పకుండా ఉండలేను. అంబత్తూరు టీఐ సైకిల్స్ 1949లో ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ భాగస్వామ్యంతో మొదలైంది. బర్మింగ్‌హామ్ రేనాల్డ్స్ కూడా ఏళ్ల తరబడి ఆ ఇంటి మనిషే. మన హెర్క్యులిస్‌కీ వాళ్ల 531 రకం ట్యూబుకీ ఒకప్పుడు పెద్దాయన ఒక్కడే అన్నమాట.

మెట్టు 5: వ్యాసం, మందం

గ్రేడు మీద పెట్టిన ఆలోచనకి రెట్టింపు ఇక్కడ పెట్టండి. సైకిలు మీద కూర్చున్నప్పుడు తెలిసేది ఇదే. పల్చటి గొట్టం వంగకుండా నిలిచే గుణం వ్యాసం ఘనానికి (మూడో ఘాతానికి) తగ్గట్టు, గోడ మందానికి మాత్రం నేరుగా పెరుగుతుంది. డౌన్ ట్యూబు 28.6 నుంచి 31.8కి మార్చారనుకోండి, అదే మందానికి బిగువు 37 శాతం పెరుగుతుంది, బరువు 11 శాతమే. ఇప్పుడు గోడ 0.5 నుంచి 0.4కి తగ్గించండి. బిగువు పాత ట్యూబు కంటే ఇంకా 10 శాతం ఎక్కువే ఉంటుంది, బరువు 11 శాతం తగ్గుతుంది. బలమైన ఉక్కు పనికొచ్చేది సరిగ్గా ఈ బేరంలోనే.

ఈ బేరానికి హద్దు ఉంది. 31.8 వ్యాసానికి 0.4 గోడ అంటే నిష్పత్తి దాదాపు 80. కూల్‌డ్రింక్ డబ్బా వైపు నడుస్తున్నాం. ఎగ్మోరు స్టేషన్ స్టాండులో పక్క బండి హ్యాండిల్ పడితే సొట్ట. ఆటో వెనక తాడేసి కడితే సొట్ట. గట్టి లోహం సొట్టని కొంత ఆపుతుంది కానీ, మందం చేసినంత పని చెయ్యదు. ఊళ్లో రోజూ తిరిగే సైకిలుకి నడుమ భాగం 0.5 కంటే తగ్గించవద్దని నా సలహా. 45 గ్రాముల కోసం టాప్ ట్యూబు మీద చెయ్యి వేయడానికి భయపడటం ఎందుకు?

కొలతల్లో నా లెక్క ఇది. 70 కిలోల లోపు మనిషి, సామాను లేదు: టాప్ ట్యూబు 28.6, డౌన్ ట్యూబు 31.8. 85 దాటినా, వెనక క్యారియర్‌కి బరువు తగిలించినా: టాప్ 31.8, డౌన్ 34.9, గోడ చివర్ల 0.8, నడుమ 0.5 పైన. నేను మధ్యలో ఉన్నాను, టాప్ 28.6, డౌన్ 34.9 తీసుకున్నాను. పెడల్ జోరంతా డౌన్ ట్యూబు మీద పడుతుంది గనక అక్కడ లావు, పైన సన్నం. ఈసీఆర్ వంతెనల అతుకుల మీద కూడా నడుం పట్టలేదు.

సీట్ ట్యూబు సాధారణంగా 28.6. దాంట్లోకి 27.2 సీట్‌పోస్ట్ దిగాలంటే పై చివర గోడ 0.7 మించకూడదు. వెల్డింగు వేడికి ఆ నోరు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, లోపలి కన్నాన్ని గుండ్రంగా సరిచేసే రీమరు పట్టించాలి. గట్టి స్టెయిన్‌లెస్ మీద రీమరు పళ్లు పోతాయి. పైన మందపాటి స్లీవ్ విడిగా అతికించుకోవడం తెలివైన పని.

చెయిన్‌స్టేలు (బాటమ్ బ్రాకెట్ నుంచి వెనక చక్రానికి వెళ్లే రెండు గొట్టాలు) వెనక టైరుకీ, చెయిన్‌రింగుకీ చోటివ్వాలి. క్రోమోలీ అయితే వైస్‌లో నొక్కి గుంట పెట్టేస్తారు. స్టెయిన్‌లెస్ మొండికేస్తుంది, పగలొచ్చు కూడా. వంపు తిరిగి వచ్చే చెయిన్‌స్టేలే కొనండి. డిస్క్ బ్రేకుంటే ఎడమ స్టేల మీద అదనపు లాగుడు పడుతుంది, గోడ 0.8 కంటే తగ్గకూడదు. హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద ఫోర్కు దూరే గొట్టం): టేపర్డ్, అంటే కిందికి లావయ్యే, కార్బన్ ఫోర్కుకి లోపలి వ్యాసం 44 ఉన్నది తీసుకుంటే తర్వాత ఏ ఫోర్కు మార్చినా ఇబ్బంది లేదు. స్టెయిన్‌లెస్ ఫోర్కు జోలికి నేను పోలేదు. మీరూ పోవద్దు, కార్బన్‌దో రంగేసిన క్రోమోలీదో వేసుకోండి.

మెట్టు 6: బట్ ఎక్కడ మొదలవుతుందో గీత గీయండి

ట్యూబు చివర్ల మందంగా, నడుమ పల్చగా ఉండటాన్ని బటింగ్ అంటారు. రేనాల్డ్స్ కుటుంబం 1897లో దీనికి పేటెంటు తీసుకుంది. కాగితం మీద 0.7/0.5/0.7 అని ఉంటుంది. దాంతో పాటు ఇంకో వరస ఉంటుంది: ఏ చివర మందం ఎంత పొడవు, మందం నుంచి పల్చనకి జారుడు ఎంత పొడవు. నేను ఆ వరస చదవలేదు. టాప్ ట్యూబు పొడవు తగ్గించాలని సీట్ ట్యూబు వైపు చివర 60 మి.మీ. కోసేశాను. ఆ వైపు మందం భాగమే 70 మి.మీ. మిగిలిన 10 మి.మీ. మీద, పక్క ట్యూబుకి ఆనేలా వేసే చేప నోరు కోత పడేసరికి, వెల్డింగు పడాల్సిన చోట గోడ పల్చబడటం మొదలైపోయింది. ట్యూబు తుక్కులోకి, మళ్లీ బర్మింగ్‌హామ్‌కి ఆర్డరు.

అందుకని: 1:1 బొమ్మ గీయండి, బైక్‌క్యాడ్ అనే ఫ్రేములు గీసే సాఫ్ట్‌వేర్‌లోనైనా సరే, చార్టు మీద చేత్తోనైనా సరే. ప్రతి ట్యూబు మీదా బట్ ముగిసే చోటు మార్కరుతో గీయండి. కోత పడ్డాక అతుకు అంచు నుంచి కనీసం 25–30 మి.మీ. మందం మిగలాలి. సీట్ ట్యూబు ఒక్క చివరే మందంగా వస్తే, ఆ చివర బాటమ్ బ్రాకెట్ వైపు.

మెట్టు 7: చిన్న సామాను

ట్యూబులన్నీ స్టెయిన్‌లెస్, బాటమ్ బ్రాకెట్ షెల్ మామూలు ఇనుము. ఇలాంటి ఫ్రేము ఒకటి చూశాను. నీళ్లన్నీ చేరేది అక్కడికే! షెల్, డ్రాపవుట్లు (చక్రం ఇరుసు కూర్చునే కొక్కేలు), సీసా బోల్టుల గుబ్బలు, కేబుల్ గైడ్లు, మడ్‌గార్డు కన్నాలు అన్నీ స్టెయిన్‌లెస్‌వే ఉండాలి. షెల్ మామూలు 68 మి.మీ., బీఎస్ఏ రకం మర (థ్రెడ్) ఉన్నది తీసుకోండి, ఏ ఊళ్లో చెడిపోయినా విడిభాగం దొరుకుతుంది. షెల్ అడుగున నీళ్లు కారే కన్నం అడిగి మరీ పెట్టించుకోండి.

మెట్టు 8: తెప్పించుకోవడం, సరిచూసుకోవడం

ట్యూబు ధర ఒకటి, ఇంటికి చేరేసరికి ధర ఇంకొకటి. కొరియరు, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ కలిపి లెక్క వేయండి. టాప్, డౌన్ ట్యూబులు ఒక్కొక్కటి అదనంగా ఒకే పార్సిల్లో తెప్పించుకోవడం, తర్వాత విడిగా తెప్పించుకోవడం కంటే చవక. ఎలాగూ పరీక్ష ముక్కలు కావాలి కదా.

వచ్చాక: వెర్నియర్‌తో వ్యాసం రెండు దిక్కుల్లో కొలవండి. గాజు పలక మీద దొర్లించి కింద వెలుతురు చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. వంటింటి డిజిటల్ తక్కెడ మీద పెట్టి, కాగితం మీద బరువుతో పోల్చండి. పది శాతం మించి తేడా ఉంటే మీకు వచ్చింది వేరే ట్యూబు.

మెట్టు 9: పని జరిగే రోజు మీరు చూడాల్సినవి

ఇనుము మీద వాడిన ఆకురాయి, వైరు బ్రష్షు, గ్రైండింగ్ చక్రం స్టెయిన్‌లెస్‌ని తాకకూడదు. ఇనుప రేణువులు ఉపరితలంలో గుచ్చుకుని, వారంలో కుంకుమ చల్లినట్టు చుక్కలు లేస్తాయి. జనం అది చూసి "స్టెయిన్‌లెస్ కూడా తుప్పు పట్టిందే" అంటారు. కొత్త ఆకురాళ్లు మీరే కొని ఇవ్వండి, అయ్యే ఖర్చు ఎంతని.

921 లాంటి, అయస్కాంతం అంటని ఆస్టెనిటిక్ జాతి మామూలు ఉక్కు కంటే వేడికి ఎక్కువ సాగుతుంది, వేడిని మాత్రం మూడో వంతే బయటికి పంపుతుంది. అందుకని వంకర ఎక్కువ. కొద్దికొద్దిగా ఎదురెదురు వైపుల అతకాలి, తొందర పెట్టకండి. స్టెయిన్‌లెస్ పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, క్యాన్సరు తెచ్చేది. గాలి ఆడే చోటు, సరైన మాస్కు లేకపోతే పని ఆపించండి. ఆర్గాన్ పోయించిన కన్నాలు పూర్తయ్యాక మూసేయకుండా, నీళ్లు కారడానికి వదిలేయమనండి.

అతుకుల పక్కన నీలం, గోధుమ రంగు చారలు అందంగా ఉన్నాయని ఉంచేసుకోవద్దు. ఆ రంగు కింద పొరలో క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. పికిలింగ్ (ఆ పొరని ఆమ్లంతో తీసేయడం), ఆ తర్వాత నైట్రిక్ లేదా సిట్రిక్ ఆమ్లంతో పాసివేషన్ (రక్షణ పొర మళ్లీ కట్టించడం) చేయించాలి. మార్టెన్‌సిటిక్ ట్యూబులకి గాఢమైన పికిలింగ్ పేస్టు పడకపోవచ్చు, తయారీదారు చెప్పిందే చేయండి.

చివరి మెరుగు నున్నగా ఉండాలి. ముతక ఎమరీ గీతలు ఫొటోలో బాగుంటాయి, ఉప్పు దాక్కోవడానికీ అంతే బాగుంటాయి. సముద్రం దగ్గర టీ మరకల్లాంటి గోధుమ రంగు ముందు ఆ గీతల్లోనే కనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక

బీచి రోడ్డు మీద తొక్కొచ్చిన రోజు మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడవండి. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకండి, క్లోరైడు స్టెయిన్‌లెస్‌కి పరమ శత్రువు. రిపేరు స్టాండుకి సీట్‌పోస్ట్ దగ్గర తగిలించండి, ట్యూబుని బిగించవద్దు. అల్యూమినియం సీట్‌పోస్ట్ స్టెయిన్‌లెస్ ట్యూబులో ఉప్పు చెమటతో కలిస్తే రెండూ కరుచుకుపోతాయి, నష్టపోయేది అల్యూమినియం. మూడు నెలలకోసారి పోస్టు బయటికి లాగి, తుడిచి, యాంటీసీజ్ (పట్టేయకుండా ఉంచే పేస్టు) రాసి మళ్లీ దించండి. స్టెయిన్‌లెస్ షెల్ మరల్లో బాటమ్ బ్రాకెట్ ఎక్కించేటప్పుడూ అదే రాయాలి, పొడిగా తిప్పితే మర పట్టేసి మళ్లీ రాదు.